కాస్త గట్టిగా మాట్లాడండి

పొద్దున తొమ్మిదిన్నరకి వసుమతి వస్తుంది
చేతుల్లో డెట్టాల్ వాసన,
చెప్పులకి టిన్ ఫ్యాక్టరీ దుమ్ము.
నిలబడే నాలుగు ముద్దల ఉప్మా తిని
పడగ్గది తలుపు వేసుకుంటుంది.
అప్పుడు నా ఆఫీసు తెరుచుకుంటుంది.
ఇస్త్రీ బల్ల, దాని మీద ల్యాప్‌టాప్,
పైన చొక్కా, కింద లుంగీ.

హొరమావులో ఒక్క పడగ్గది ఇల్లు.
నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సు నిద్రపోయే ఇంట్లో
ఉద్యోగం వెతకడమంటే
గుసగుసలాడటం.

"పంతొమ్మిదేళ్లు... సిస్టమ్స్ ఇంజనీరుగా..."
"కాస్త గట్టిగా మాట్లాడండి సార్," అంటాడు తెరలోని కుర్రాడు.
"రిమోట్‌గా పనిచేసిన అనుభవం ఉందా?"

నవ్వొస్తుంది. మింగేస్తాను.
నేనెప్పుడు దగ్గర్నుంచి పనిచేశాను నాయనా?
ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను కాపలా కాసిన యంత్రాల్ని
ఒక్కసారైనా తాకింది లేదు.
అక్కడ డిస్కు నిండితే ఇక్కడ నాకు కడుపుబ్బరం.
అక్కడ ఫ్యాను ఆగితే ఇక్కడ నాకు చెమట.
ఏది సోమవారాలు మొరాయిస్తుందో,
ఏది అడగ్గానే మాట వింటుందో
గొడ్ల గుణాలు తెలిసినట్టు తెలుసు.
నన్ను 'ఓబీ' అన్న వాళ్లెవరికీ
ఓబులేశు మొహం తెలీదు.

చివరికి అన్నిటినీ క్లౌడ్‌లోకి ఎక్కించమన్నారు.
ఎక్కించాను. ఒక్క బైటు ఒలకలేదు.
ఆఖరి సర్వర్ని ఆపేసే ముందు
ఎంటర్ మీద వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను.
నొక్కాక గానీ తెలీలేదు
ఆ జాబితాలో దాని కింది వరుస నాదని.

ఇప్పుడు ప్రకటనలు చదువుతాను.
రిమోట్ అంటారు, నొక్కితే లోపల
వారానికి మూడు రోజులు బెళ్లందూరు.
'ప్రపంచంలో ఎక్కడి నుంచైనా' అంటారు.
ఆ ఎక్కడైనాలో హొరమావు ఉండదు.
అయిదు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం చాలంటారు.
మిగిలిన పదకొండేళ్లని ఏ అటక మీద దాచను?
రెజ్యూమెలోంచి సోలారిస్ తీసేశాను,
బ్యాకప్ టేపులు తీసేశాను, డిగ్రీ చేతికొచ్చిన సంవత్సరం తీసేశాను.
వయసు తగ్గింది,
కాగితానికి.

ఇవాళ ఆన్‌లైన్ పరీక్ష.
గది నాలుగు మూలలూ చూపించమంది కెమెరా.
చూపించాను. బల్ల కింద చూపించాను.
ఎర్రటి అక్షరాలు: గదిలో మరొకరు ఉన్నారు.
వసుమతి లేచిందేమోనని వెనక్కి తిరిగాను.
ఎవరూ లేరు.
కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండర్లో లక్ష్మీదేవి.
తప్పు కాయమ్మా అని
గోడ వైపు తిప్పాను.

వెనక వసుమతి రాత.
పాల లెక్క, నీళ్ల ట్యాంకరు నంబరు, గ్యాస్ మార్చిన తేదీ,
వాటన్నిటి కిందా
పెన్సిలు గీతలు, అయిదేసి కట్టలు.
పైన 'ఓ' అని ఒక్క అక్షరం.
నాలుగు కట్టలు, విడిగా మూడు.

ఇంటర్వ్యూలు ఎనిమిదే అయ్యాయని చెప్పాను తనకి.
ఎనిమిదంటే ఇంకా ఓపిక పట్టదగ్గ అంకె కదా.
ఇరవై మూడు గీతలు.
ఒక్కటీ ఎక్కువ లేదు, తక్కువ లేదు.

అంటే
ఇన్నాళ్లూ ఆ తలుపు వెనక నిద్ర లేదు.
నా గుసగుసల్ని నేను
దుప్పటిలా కప్పాననుకున్నాను.

పరీక్ష అయింది. కుర్రాడు తెర మీదికొచ్చాడు, వేరే కుర్రాడు.
అదే ప్రశ్న, అదే మాట:
"సార్, కాస్త గట్టిగా."

గొంతు సవరించుకున్నాను.
"నా పేరు ఓబులేశు," అన్నాను,
పక్కింటి కుక్క మొరిగేంత గట్టిగా.
"పంతొమ్మిదేళ్లు. సోలారిస్ నుంచి మొదలుపెట్టమంటారా?"

లోపల మంచం కిర్రుమంది.
ఎవరో పక్కకి ఒత్తిగిలి
సర్దుకుని పడుకున్న చప్పుడు.

వాడు ఏమంటాడో తెలీదు.
క్యాలెండర్ ఇంకా తిప్పలేదు,
తారీఖు చూడాలన్నా
ఇవాళ్టికి ఆ గీతలే.