లేని ముడత

డెల్ఫీన్ తెచ్చిన ఫొటో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది.
చేపల పడవ అంచున ఒకామె,
టోపీ కింద, ఎండకు కళ్లు చికిలించి.
"మా అమ్మ. ఇదొక్కటే ఉంది."
బయట సుపీరియర్ సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
గ్యారేజీలో హీటర్ దగ్గుతోంది.
టీ ఇచ్చాను. చల్లారేదాకా ముట్టుకోలేదు.

థండర్ బే ధాన్యపు గోదాముల్లో
నలభై ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ని.
బొమ్మ గీయమంటే చేతకాదు,
కోయమంటే కోస్తాను.
గీతలు తీసే పని కంప్యూటరుకు అప్పగించవచ్చని
డెబ్భై దాటాక తెలిసింది.

ముందు బూడిదరంగు పోవాలి.
చెక్కకు సందేహాలుండవు,
ఉంటే ఉంటుంది, లేకుంటే కన్నం.
తెర మీద ఒక మీట, అటూ ఇటూ జరపడానికి.
ఎడమకు జరిపితే ముఖం తెల్లబోయి గడ్డం మాయం.
కుడికి జరిపితే టోపీ నీడ దిగొచ్చి
ముక్కును మింగేస్తుంది.
తొంభై ఆరు దగ్గర ఎవరో నన్ను చూశారు.
తొంభై ఏడు దగ్గర లేరు.
మళ్లీ తొంభై ఆరు.

అక్కడ మొదలైంది చిక్కు.
నలుపంతా కోసి తీసేస్తాను,
వెనక నల్లగుడ్డ అతికిస్తాను.
తెలుపు మాత్రమే చెక్క.
ఆమె కంట్లో నువ్వుగింజంత మెరుపు,
చుట్టూ నలుపు.
నలుపు పోయాక దాన్ని పట్టుకునేదెవరు?
ఇలాంటిదాన్ని మా పనిలో ద్వీపం అంటాం.
సరస్సులో ద్వీపాలు నిలుస్తాయి,
చెక్కలో రాలిపోతాయి.
కంటికి రెప్ప కాపలా అంటారు గానీ
ఆ రెప్ప కూడా టోపీ నీడలోనే ఉంది,
అదీ పోయేదే.

కంటి కొస నుంచి, నీడ మీదుగా,
కణత దాకా ఒక గీత లాగాను.
మిల్లీమీటరు వెడల్పు. వంతెన.

బర్చ్ ప్లైవుడ్, మీద నీలం టేపు,
టేపు మీద జిగురు రాసిన కాగితం.
నూట పధ్నాలుగు కన్నాలు.
ప్రతిసారీ రంపపు పోగు విప్పి,
సూదిలో దారంలా కిందినుంచి ఎక్కించి,
బిగించి, వేలితో మీటి,
సరైన శ్రుతి పలికితేనే స్విచ్చి.
ప్రతి రంపానికీ కుడివైపు కొంచెం మొగ్గు.
తిన్నగా కోయాలంటే చెక్కను వంకరగా తోయాలి.
ఇది తెలియడానికి నాకు రెండేళ్లూ
ఒక గుడ్లగూబా ఖర్చయ్యాయి.

కన్ను ముందు కోశాను,
చుట్టూ చెక్క ఇంకా గట్టిగా ఉండగానే.
ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు.
చెవి దగ్గర మాత్రం చేయి జారింది.
ఎడమచేతి చిటికెన వేలు తనంతట తాను
బల్ల మీద వెనక్కి తీసుకెళ్లే మీట కోసం వెతికింది.
అక్కడంతా రంపపు పొట్టు.
ఆ తప్పును ఒక జుట్టుపాయ చేశాను.

మంచు పగిలిన వారం ఆమె వచ్చింది.
చాలాసేపు చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.
"ఐనో, ఈ ముడత అమ్మకు లేదు.
ముప్పై ఒకటికే పోయింది."
వంతెన సంగతి చెప్పాను.
అది తీసేస్తే కంట్లో వెలుగు నిలవదన్నాను.
కావాలంటే మెరుపు తీసేస్తాను,
అప్పుడు ముడత అక్కర్లేదు.

కళ్లజోడు తీసింది.
వేలు తన కంటి కొసకు వెళ్లింది.
అక్కడ నాలుగున్నాయి, ఐదోది మొదలవుతోంది.
"ఉండనీ."

ఈసారి టీ వేడిగానే తాగింది.
గుమ్మం దగ్గర ఆగి అడిగింది,
కోసి తీసిన ముక్కలేం చేస్తావని.
మామూలుగా పొయ్యిలో వేస్తాను.
వీటిని వేయలేదు,
కాఫీ డబ్బాలో ఉన్నాయి.
ఊపి చూసింది, గింజల చప్పుడు.
"టోపీ నీడ ఏదో వెతికిపెట్టు,
వచ్చే వారం తీసుకెళ్తాను."

ఆమె వెళ్లాక డబ్బా బల్ల మీద ఒంపాను.
ఇంకా వెతుకుతున్నాను.
నీడలన్నీ లేత పసుపు రంగులో ఉన్నాయి.