బీడు పెట్టిన తొట్టి

పాతూరులో మోటార్లు చుట్టే కొట్టు నాది.
ఇరవై రెండేండ్లుగా రాగితీగతోనే కాపురం,
గోర్ల సందుల్లో ఎర్రటి పొడి.
అందుకే సముద్రంలో చెయ్యి పెట్టేముందు
మూడుసార్లు సబ్బు, ఒకసారి నిమ్మచెక్క.

సముద్రమంటే ఏందో అనుకునేరు.
కొట్టు వెనక గదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి.
పన్నెండు క్యాన్ల ఫిల్టరు నీళ్లకు
తూకమేసి కలిపిన ఉప్పు,
సన్న ఇసుక, రెండు రొయ్యలు, ఒక నత్త,
నారింజరంగు జోకరు చేపలు జత.
రవ్వంత రాగి కలిసినా రొయ్య తట్టుకోదు.

మూడో చేపను నేనే కోరి తెచ్చుకున్నా,
చెన్నై బస్సులో, థర్మకోల్ పెట్టెలో.
తీగలు కలిసినప్పుడు ఎగిరే నిప్పుంటుందే, ఆ నీలం.
"నెల దినాలు వేరేగా పెట్టన్నా"
అని అమ్మినాయన ఫకృద్దీన్ ఫోన్లో చెప్తానే ఉన్నాడు.
ఆ పొద్దే వదిలేసినా.

ఆరోనాడు దాని రెక్క మీద ఉప్మా రవ్వ.
ఎనిమిదోనాడు ఒళ్లంతా.
రాతికి పక్కలు గీక్కునేది,
మొప్పలు దడదడ కొట్టుకునేవి.
పదోనాడు కాశింబి దాన్ని కాగితంలో చుట్టి
కరివేపాకు మొదట్లో పూడుస్తా అనింది,
"ఉప్పు చేప గదా, చెట్టుకేమన్నా అయితాదా?"

అప్పటికే జోకర్లకూ రవ్వ అంటింది.

బట్టలు నానబెట్టే టబ్బు ఖాళీ చేసినాం.
ఇసుక లేదు, రాయి లేదు,
దాక్కోను రెండు పైపు ముక్కలు.
మందు సీసా మీద పేరు చదివి
నాకు నేనే నవ్వుకున్నా.
రాగి.
ఇన్నేండ్లు దేన్ని కడుక్కున్నానో
దాన్నే బొట్టు బొట్టు లెక్కబెట్టి పోస్తాండా.
తక్కువైతే పురుగు మిగుల్తుంది,
ఎక్కువైతే చేప మిగల్దు.

చేప ఒంట్లో దూరినప్పుడు ఆ పురుగును మందు తాకదు.
రాలిపోయి అడుగున గూడు కట్టుకున్నా తాకదు.
గూడు పగిలి, ఇంకో ఒళ్లు ఎతుక్కుంటా
ఈదే ఆ కొన్ని గంటలే దొరుకుతుంది.
ఆ గంటలు ఎప్పుడో తెలీదు గాబట్టి
ముప్పై దినాలూ కాపలా.

నడిరేయి కరెంటు పోతే
ముంతతో నీళ్లెత్తి పైనుంచి పోస్తా.
గాలి అందాల గదా.
అద్దరేతిరి ఆ చప్పుడుకు
పక్కింటోళ్లకు కొళాయి వచ్చిందేమోనని మెలకువ,
బిందెలు తీసుకోని బయటికొచ్చినారు ఒకసారి.

కూడేరు నుంచి నారపరెడ్డి
కాలిన మోటారు దింపి, టబ్బులోకి తొంగి చూసినాడు.
"పెద్ద తొట్టిలో చేపల్లేవే?"
బీడు పెట్టినానన్నా. డెబ్బై ఆరు దినాలు.
తినను ఒళ్లు దొరక్కపోతే పురుగే మాడి చస్తుందంట.
ఆయన శానాసేపు ఏమీ అనలే.
"మా చేను మూడేండ్లుగా బీడే అబ్బీ,
అందులో ఏది చస్తాందో మరి."
బీడీ ముట్టించుకోని, మోటారు ఎప్పటికిస్తావని అడిగినాడు.

ఈ పొద్దు పంతొమ్మిది.
ఆడచేప ఒంటి మీద రవ్వ లేదు, మేత అందుకుంటాంది.
మగది పైపులోనే ఉంది.
పెద్ద తొట్టిలో నత్త ఒక్కటే అద్దం నాక్కుంటా
బాడుగ కట్టని మనిషి మాదిరి మెల్లగా తిరుగుతాంది.

సాయంత్రం మగదాన్ని చూద్దామని
చేతులు కడుక్కుంటాండా.
మూడుసార్లు సబ్బు, నిమ్మచెక్క.
వాకిట్లో నుంచి కాశింబి అడిగింది,
"రాగినీళ్లలో పెట్టను
రాగి కడుక్కుంటావేంది?"

చేతులు నిలిచిపోయినాయి, నురగతో.