రెండున్నర నూలు

గ్రీమ్స్‌పేటలో మా అంగడి వెడల్పు ఆరడుగులు.
ఆ ఆరడుగుల్లోనే రెండు దేశాలుండాయి.
ఎడంపక్క డబ్బాలు అంగుళాలవి,
కుడిపక్కవి మిల్లీమీటర్లవి.
నడుమ స్టూలు మీద నేను,
తూకం రాళ్ళు, నూనె గుడ్డ, ఒక పాత వెర్నియరు.

పక్కన లేతు కాడ దొరసామాచారి
మిల్లీమీటరు అనే మాట నోట పలికినోడు కాదు.
అంగుళానికి ఎనిమిది నూళ్ళు ఆయనకి.
కాలంగుళం రెండు, అరంగుళం నాలుగు,
మూడు నూళ్ళ బోల్టుని బొటనేలు ముట్టించి
కళ్ళు మూసుకోనే చెప్తాడు.
నేను ఐటీఐలో చదివినదాన్ని.
ఎమ్ ఆరు, ఎమ్ ఎనిమిది, ఎమ్ పది అంటే
"సైజులా మే అవి, బస్సు నంబర్లా?" అని నవ్వేవాడు.

బెల్లం కాలం.
ఐరాల నుంచి మునెయ్య వచ్చినాడు,
చొక్కా నిండా చెరుకు పిప్పి,
చేతిలో ఒకే ఒక బోల్టు.
"ఇట్టాంటివే నాలుగియ్యి మే, బిన్నా.
రసం పులిసిపోతాది."
కొలిస్తే రెండున్నర నూలు,
అంగుళంలో పదహారింట అయిదు వంతులు.
ఎడంపక్క డబ్బాలోంచి లెక్కబెట్టి ఇస్తిని.
అడిగింది అడిగినట్టే ఇస్తిని.

తెల్లారి మోటారునే ఆటోలో ఏసుకోనొచ్చినాడు.
బెజ్జంలో బోల్టు మొండెం,
తల ఆయన జేబులో.
రెండు చుట్లు సులువుగా పోయిందంట.
మూడో చుట్టుకి బిగిసిందంట.
బాగా పట్టుకునిందిలే అనుకోని
పానాకి పైపు తొడిగి తిప్పినాడంట.

"నువ్వు చూపించిన బోల్టు యాడిది?" అన్నాడు ఆచారి.
"గానుగది."
"ఈ బెజ్జం?"
"మోటారుది. కొత్తది సామీ, కోయంబత్తూరు సరుకు."

ఆచారి నా దిక్కు చూసినాడు,
నేను నేల దిక్కు.
గానుగ వాళ్ళ తాత కొన్నది, అంగుళాల్లో పుట్టింది.
మోటారు మిల్లీమీటర్లలో పుట్టింది.
నడుమ బెల్టుకి పుర్లు లేవు గనక
అది మాత్రం ఇద్దరితోనూ పొత్తు కలిసింది.

ఆ పొద్దు వెర్నియరు పెట్టి మళ్ళీ చూసినా.
రెండున్నర నూలుకీ, ఎనిమిది మిల్లీమీటర్లకీ
లావులో తేడా ఒక తల వెంట్రుక.
ఏలికి అందదు, కంటికి ఆనదు.
మోసమంతా పుర్లలో ఉండాది.
దానికి అంగుళం పొడవున పద్దెనిమిది.
దీనికి పురికీ పురికీ నడుమ ఒకటింబావు మిల్లీమీటరు,
అంటే అదే అంగుళంలో ఇరవై, పైన రవ్వంత.
మొదటి చుట్టులో ఏమీ తెలియదు.
రెండో చుట్టులో నమ్మబుద్ధవుతుంది.

మొండేన్ని తొలవడానికి మధ్యాన్నం దాకా పట్టింది.
ఇనప పొడి, కిరసనాయిలు వాసన,
మునెయ్య గడప మీద కూచోని
పులిసిపోతా ఉండే రసం గురించి ఎవురికో ఫోను.
చివరికి ఆచారి తల ఎత్తకుండానే చెయ్యి చాపినాడు.
"ఎనిమిది ట్యాపు అందియ్యి."
ఎనిమిది.
నేను విన్నా. ఏమీ అనలా.
కుడిపక్క నుంచి తీసి ఇస్తిని.

పనైనాక రెండు బోల్టులు,
దేశానికొకటి,
పుర్లకి పుర్లు ఆనించి ఎండకి పట్టినాడు.
"వెలుతురు దూరిందా?"
దూరింది, పళ్ళూడిన దువ్వెనలో మాదిరి.
"ఇప్పుడు నీ ఎనిమిదిలు రెండు పట్టు."
పట్టినా. చీకటి.
పన్ను సందులో పన్ను కూచుని ఉండాది.
"సరిపోయిన కాడ వెలుతురు రాదు మే," అని
చేతులు తుడుచుకోని టీకి పోయినాడు.

ఇప్పుడు ఎవురు బోల్టు చూపించినా
ముందు బెజ్జం యాడిదని అడుగుతా.
విసుక్కుంటారు.
ఒకాయన పోలీసు స్టేషనా ఇది అన్నాడు.
అయినా అడుగుతా.

మునెయ్య తెచ్చిన బెల్లం అచ్చు
వారానికే అయిపోయింది, చీమలకీ మాకూ.
ఆ తెగిన తల మాత్రం
బిల్లు కాగితాల మీద బరువుగా ఉండాది.
పుర్లన్నీ మొండెంతోనే పోయినాయి.
గాలొచ్చినప్పుడు కాగితాలు ఎగరకుండా పట్టుకుంటాది,
నీది ఏ దేశమని
దాన్ని ఎవురూ అడగరు.