గోడకాగితం

తెల్లారి ఐదున్నరకి అలారం ఆపబోతే
ఫోన్ మీద ఒంటెలు.
నిన్న మంచుకొండ,
మొన్న ఎవరిదో ద్రాక్షతోట,
అంతకు ముందురోజు
సగం కోసిన నారింజ మీద నీటిబొట్లు.
నేనడిగానా?
పూటకో రూపం కట్టే పగటివేషగాడైనా
వచ్చేముందు గజ్జెల చప్పుడు చేస్తాడు.
ఇది చెప్పాపెట్టకుండా మారిపోతుంది,
నా దిండు పక్కనే పడుకుని.

నేను పెట్టుకున్నది ఒక్కటే ఫొటో.
పైవాళ్ళకి అందులో ఏమీ ఉండదు.
ఆకుపచ్చ తీగలు, వెలిసిన గులాబీలు,
అంచు కాస్త లేచిన గోడకాగితం,
దాని మీద పదకొండు పెన్సిల్ గీతలు.
అడుగు గీత నా మోకాలికి జానెడు పైన,
పక్కన నా చేతిరాత:
మాన్వి, ఇవాళ చెయ్యి వదిలి నిలబడింది.
పై గీత వంకర.
అది తనే గీసుకుంది, మడమలెత్తి.

హల్‌లో, హెస్సిల్ రోడ్డు వెనక సందులో
ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు అద్దెకున్నాం.
ఇల్లు అమ్మేస్తున్నానని డెరిక్
బాధపడుతూనే చెప్పాడు, పాపం,
కేకు కూడా తెచ్చాడు.
తాళాలివ్వడానికి వెళ్ళిననాడు
కుర్రాళ్ళిద్దరు ఆవిరి మిషను పట్టి
గోడల్ని ఒలుస్తున్నారు.
ఆకుపచ్చ కింద నీలం,
నీలం కింద గోధుమరంగు పడవలు,
మాకు ముందెవరి పిల్లలకో.
మా గోడ దాకా ఇంకా రాలేదు.
ఒక్క నిమిషం ఆగమన్నాను.
ఒకడు మిషను ఆపాడు,
రెండోవాడు టీ పెట్టుకోడానికి పోయాడు.
చెయ్యి వణికిందో, ఆవిరి అడ్డొచ్చిందో,
ఫొటో మసగ్గా వచ్చింది.
ఇంకోటి తియ్యాలని తోచలేదు.

కొత్త ఫోన్ కొన్నాక ఈ బెడద.
నా గోడ పెడతాను, మర్నాటికి ఒంటెలు.
మళ్ళీ పెడతాను, లైట్‌హౌసు.
సెట్టింగ్స్‌లో దూరడమంటే
పెళ్ళివారింట్లో చెప్పులు వెతుక్కోవడమే.
ఒక తలుపు తీస్తే లోపల మూడు తలుపులు,
అన్నిటి మీదా, మీ ఆనందం కోసం.

నా పని కారవాన్ల ఫ్యాక్టరీలో.
చక్రాల ఇళ్ళకి లోపలి గోడలు అంటిస్తాను,
కొలిచి, కోసి, జిగురు పూసి
బుడగ మిగలకుండా అరచేత్తో నిమిరి.
టీ బ్రేక్‌లో బ్రోగన్, పంతొమ్మిదేళ్ళ పిల్ల,
క్రిస్ప్స్ నూనె జీన్స్‌కి తుడుచుకుని
నా ఫోన్ లాక్కుంది.
"రోజుకో కొత్త బొమ్మ అని ఉంది చూడు.
ఎవరు ఆన్ చేశారు?"
నేను కాదన్నాను.
"ఎవరూ చెయ్యరులే. ఆన్‌లోనే వస్తుంది."
బొటనవేలితో ఒక్క నొక్కు.
నీలం చుక్క బూడిదరంగుకి తిరిగింది.
నా గోడ నిలబడింది.
"ఇదేంటి, చెమ్మా?" అంది గీతలు చూసి.
చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు.
"మా అమ్మ ఫ్రిజ్ తలుపు మీద గీసేది.
ఫ్రిజ్ పాడైపోయింది," అని
మిగిలిన ప్యాకెట్ నా వైపు తోసింది.

మూడురోజులు గోడ కదల్లేదు.
నాలుగోనాడు అన్నం దగ్గర మాన్వి అడిగింది,
"ఒంటెలు ఏవీ?"
నాకంటే ముందు లేచి
ఇవాళ ఏ ఊరొచ్చిందో చూసుకునేదట.
లైట్‌హౌసు వచ్చిన రోజు
నన్ను లేపుదామనుకుందట కూడా.
ఇన్నాళ్ళూ నాకు తెలీదు.

"అయినా ఆ గోడెందుకమ్మా,
ఇప్పుడు నీ చెవి దాకా వచ్చాను."
లేచి నా వీపుకి వీపు ఆనించింది.
ఈ ఫ్లాట్‌లో మేకు కొట్టినా జరిమానా,
పెన్సిల్ మాట ఎత్తనేలేదు.
తల వెనక చెయ్యిపెట్టి తడిమాను.
నిజమే, చెవి దాకానే.
ఈసారి మడమలెత్తిందో లేదో
నాకు కనిపించదు.

రాత్రి ఛార్జర్ పెడుతుంటే ఫోన్ అడిగింది,
రోజుకో కొత్త బొమ్మ మళ్ళీ మొదలుపెట్టనా?
అవును, కాదు, తర్వాత.
తర్వాత నొక్కాను.