ఆవగింజంత

క్రాన్ ఊళ్లో వంతెన దిగగానే రెండో కొట్టు మాది.
మంచు కరిగి గుమ్మమంతా బురదగా ఉన్న రోజు
యెర్నేయా వచ్చింది, బూట్లు తుడుచుకోకుండానే.
మూతి సగం బయటికి చాపి
లోపలికీ పోలేక పూర్తిగా బయటికీ రాలేక
బిగుసుకుపోయిన వెండిరంగు కెమెరాని
కౌంటరు మీద పెట్టింది.

పద్నాలుగేళ్లదట.
మీట చుట్టూ గోధుమరంగు జిగురు.
వాసన చూశాను, పైన్ కలప కోసినట్టుంది.
"తేనెపెట్టెల బంక. ఎంత కడిగినా పోదు," అంది.
"నా చేతులదీ అంతే."

నాకు నేర్పిన పాఠం నేను అందుకున్నాను:
ఇది ఇరవై మెగాపిక్సెళ్లండి,
ఇది ముప్పై రెట్లు దగ్గరికి లాగుతుంది,
ఇది మనిషి నవ్వితే దానంతటదే తీసేస్తుంది...
"ఈగలు నవ్వవు," అంది.

సంచిలోంచి తోలు తొడుగులు తీసి వేసుకుంది.
కొట్టంతా పొగ వాసన.
తాకుడు తెర ఉన్నవాటిని మోచేత్తో పక్కకి నెట్టేసింది.
మిగిలిన నాలుగింటినీ ఒక్కొక్కటే
ఆన్ చేసి, చెవికి ఆనించి,
కుండ కొనేవాళ్లు వేలితో తట్టి వింటారే, అలా,
కళ్లు మూసుకుని విన్నది.
కెమెరాని చెవితో ఎంచుకున్న మనిషిని
నేను అదే చూడడం.

"ఇది గురక పెడుతోంది. ఇది కీచుమంటోంది.
ఇది... ఊఁ. ఇది వాటికి కోపం తెప్పించదు."

అరలో అన్నిటికన్నా కింద, మూల గీత పడ్డ నమూనా అది.
పాతదిస్తే ఇరవై యూరోలు తగ్గుతుందన్నాను.
కార్డు మాత్రం గోటితో పీకి రుమాల్లో కట్టుకుని
కెమెరాని నావైపు తోసింది,
పుచ్చుపన్ను పీకించుకున్నంత తేలిగ్గా.

మూడు వారాలకి మళ్లీ వచ్చింది.
ఈసారి బూట్లు తుడుచుకుంది, రెండుసార్లు.

"పాడైందా అండీ?"
"లేదు. బాగా చూస్తోంది. అదే వచ్చిన చిక్కు."

తెర మీద తేనెపట్టు. దాని మీద ఈగలు, బూడిదరంగువి, వందలు.
ఒకదాని వీపు దగ్గరికి లాగింది, ఇంకా లాగింది.
రెక్కల మొదట్లో
ఆవగింజంత ఎర్రటి పేను,
కాళ్లతో సహా.

తర్వాత రుమాలు విప్పింది.
పాత కార్డు, ఆరేళ్ల కిందటి బొమ్మ,
పదకొండు పెట్టెలు చచ్చిపోవడానికి ముందు నెలది.
నా కంప్యూటర్లో పెద్దది చేశాం.
ఈగ ముందు మచ్చైంది,
మచ్చ గళ్లైంది,
ఒక గడి మాత్రం కాస్త ఎర్రన.
"ఇది పేనా? నుసా?"
"చెప్పలేనండి."
"తేటగా చెయ్యలేవా?"
"ఉన్నదాన్ని పెద్దది చెయ్యగలను.
లేనిదాన్ని తేలేను."

చాలాసేపు ఆ ఎర్రగడినే చూసింది.
ఆ ఏడు పక్క తోట లోయ్‌జే ఆపిల్ చెట్లకి మందు కొట్టాడట.
ఆ రోజునుంచీ మాట లేదు. కంచె మరో మూరెడు లేచింది.
అతని భార్య పోయినప్పుడు
చర్చి బయట వానలో నిలబడి
లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చిందట.
ఇదంతా నాకెందుకు చెప్పిందో,
బహుశా నేనెవరికీ ఏమీ కాను గనక.

"అచ్చు తియ్యి," అంది చివరికి.
"ఏదండీ?"
"రెండూ. తేటదీ, మసకదీ. రెండేసి కాపీలు."
ఒకే కవర్లో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
రెండో కవరు మీద రాయడానికి కలం అడిగింది,
మూత తీసింది,
మళ్లీ పెట్టేసింది.

డబ్బులతో పాటు ఒక తేనె సీసా ఇచ్చి వెళ్లింది.
మూత సరిగా బిగించలేదు.
సాయంత్రం కొట్టు కట్టేస్తూ చూస్తే
అద్దాల అరలో ప్రతి కెమెరా మీదా
నా వేలిముద్రలు,
తడిగా,
గీత గీతా కనబడేంత తేటగా.