నడిమి సీటు

ఎట్లా కూసున్నావక్కా పదహైదు గంటలు
అని అడగతా ఉండాది సెల్వి,
టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోని.
బంగారుపాళ్యం ఫ్యాక్టరీ వెనక,
తోతాపురి టెంకల గుట్ట పక్కన,
ఈగలు తోలుకుంటా చెప్పే సంగతేనా ఇది!

కూసోవడం నాకు రాదు మే.
ఇరవై రెండేండ్లు బెల్టు ముందర నిలబడిన కాళ్లు ఇవి.
మచ్చకాయ ఎడంపక్క బుట్టలోకి, మంచికాయ ముందుకు.
నిలబడినందుకే జీతం.
కూసోమని జీతమిచ్చింది మొన్ననే,
కొత్త మిషను నేర్చుకోని రమ్మని, బ్రెజిలు దేశానికి.

చెన్నైలో ఎక్కింది లెక్కలోది కాదు.
దోహాలో ఎక్కినాక తెలిసింది.
కిటికీ పక్క పెద్దాయన, బెల్టు పెట్టుకోకముందే గురక.
ఇవతల ఒక పిల్ల, చెవులు మూసుకోని.
నడిమిన నేను.
మోచేతులు ఆనించే చోటు ఇద్దరూ పంచేసుకున్నారు,
నా చేతులు నా ఒళ్లోనే, పెండ్లిచూపుల్లో మాదిరి.

మూడు గంటలకి మోకాళ్లు మాట్లాడినాయి.
అయిదు గంటలకి తిట్టినాయి.
ముందరాయన సీటు వెనక్కి వాల్చినాడు,
ఆయన బట్టతల చూసుకుంటానే అన్నం తిన్నా.

కొండమీద కంపార్ట్‌మెంటు మతికొచ్చింది.
పోయినేడు పెరటాసి మూడో శనివారం,
పంతొమ్మిది గంటలు.
కమ్మీల సందులోనుంచి పాలు, ఉప్మా.
ఎవరి బిడ్డో నా తొడ మీద నిద్రపోయి
చీరంతా తడిపేసింది.
ఎవురో ఒకరు గోవిందా అంటే
ఆవులించే నోరు కూడా గోవిందా అనేది.
ఈడ మూడొందల మందిమి,
ఎవురి పేరూ పిలిచేది లేదు.
ముందర పటంలో విమానం
నల్లటి సముద్రం మీద చీమ మాదిరి.
చూస్తా ఉంటే కదలదు,
పొయ్యిమీద పాలకు కాపలా ఉన్నట్టే.

కండ్లు మూసుకోని బెల్టు నడిపినా.
ఒక కాయ, ఇంకో కాయ.
ఎనిమిదొందలు దాకా లెక్క ఉండాది,
ఆ తర్వాత అన్నీ మచ్చకాయలే వచ్చినాయి.

లేచేసినా.
ఆ పిల్లను దాటుకోని, చీకట్లో సీట్లు పట్టుకోని
చివరాఖరికి, బాత్రూముల కాడికి పోయినా.
ఆడ తెర వెనకాల
అన్నాలిచ్చిన ఆయమ్మ
బూట్లు ఇడిచి, నిలబడుకోని రొట్టె తింటా ఉండాది.
నన్ను చూసి బూట్లలో కాళ్లు పెట్టబోయి
నా పాదాల పక్క చూసింది.
వాచిపోయుండాయి.
నేను ఆయమ్మవి చూసినా.
అవీ అంతే, చీలమండ కాడ అదే గుంత.

బూట్లు పక్కకి తోసేసింది.
జరిగి నాకు గోడ ఇచ్చింది.
కొంగులో కట్టుకున్న తాండ్ర ముక్క తుంచిచ్చినా.
నోట్లో ఏసుకోని ఏందో అడిగింది,
ఊరు అడిగిందేమో అనుకోని చిత్తూరు అన్నా.
సితోర్ అనింది,
ఆ తాండ్ర పేరు అదే అనుకోనుండొచ్చు.
ఒక కాలు మార్చి ఒక కాలు మీద
ఎంతసేపో, కింద ఏ నీళ్లు పోయినాయో.

గంట కొట్టినారు.
సెల్వి ఇంకా నా పక్కే చూస్తా ఉండాది:
కూసున్నదెట్లో చెప్పనే లేదే అక్కా.

గ్లాసు కడుక్కో మే.
బెల్టు తిరగతాండాది,
మొదటి కాయే మచ్చ, నీ పక్కకే వస్తాండాది.