మొదటి పట్టిక

అకితాలో మంచు కురిసే రాత్రుల్లో
నేను మనుషుల్ని రెండు గంపల్లో పోసి తూస్తుంటాను.
అటు నూట పన్నెండు మంది, ఇటు నూట పద్నాలుగు,
అందరూ పక్షవాతం తాకిన వాళ్లే.
మందు ఏ గంపకో, వట్టి బిళ్ల ఏ గంపకో
చీటీలు తేల్చాయి. నాకు చెప్పరు.
మొదలుపెట్టిన నాటికి
తక్కెడ ముల్లు నిటారుగా నిలిచిందా లేదా,
నేను చూడాల్సింది అంతే.

వయసు: డెబ్బై ఒకటిన్నర, డెబ్బై రెండు.
బీపీ, షుగర్ ఇంచుమించు సమానం.
పొగతాగేవాళ్లు అటువైపు ఒక పిసరు ఎక్కువ.
ఉప్పు సంగతి ఎవరినీ అడగలేదు, అడగడం దండగ.
ముల్లంగికి పొగపెట్టి, ఊరేసి
చలికాలమంతా నమిలే ఊరు ఇది.
మా అమ్మ కూడా "ఉప్పు తగ్గించేశానే" అనేది,
మిసో సూపు గిన్నె అడుగంటా తాగేసి.

"చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం."
ఈ వరుసలో ఒక్క గడి ఖాళీ.
నూట అరవై మూడో నంబరు.
హతకెయామా తొకుజి, ఎనభై ఏళ్లు, ఒంటరి.
వాకిట్లో మంచుపార పక్కన దొరికాడు,
కుడిపక్క పడిపోయి, మాట పోయి.
ఎప్పుడు పడ్డారు తాతా అని అడిగితే
ఎడమ చేత్తో దుప్పటి సర్దుకున్నాడట.

మంచు తోసే బండి నడిపే నాగనుమకి
మా నర్సు మిహారు మూడుసార్లు ఫోన్ చేసింది.
నాలుగోసారి ఎత్తాడు.
"ఆ ముసలాయనా? రోజూ తిడతాడండీ,
నా బండి మంచంతా తన గుమ్మంలోకే నెడుతుందని.
ఆ వేళా పార పైకెత్తి మరీ తిట్టాడు."
రెండు చేతులతోనా?
"రెండు చేతులతోనే."
మాట తడబడిందా?
"అబ్బే, ఒక్క బూతూ తడబడలేదు."
ఎన్నింటికి?
"నాలుగూ నలభై. తర్వాతి సందులో టీ తాగుతాను, అందుకే గుర్తు."

గడి నింపాను.
చూసినవారు: కుటుంబం, పొరుగు, ఇతరులు.
ఇతరులు దగ్గర టిక్కు పెట్టాను.
మధ్యగతం అర నిమిషం జరిగింది.
రెండు గంపలకీ చెప్పుకోదగ్గ తేడా లేదని
కింద చిన్నక్షరాల్లో రాసి, కంప్యూటర్ మూశాను.

ఇవాళ తెల్లవారకముందే
మా వీధి మలుపులో బండి పసుపుదీపం తిరిగింది.
చెప్పులైనా వేసుకోకుండా గుమ్మంలోకి వచ్చాను.
తిట్టడం నాకు చేతకాదు.
రెండు చేతులూ పైకెత్తి
నా పేరు గట్టిగా, తడబడకుండా చెప్పాను.
అద్దం దించి వింతగా చూసి
ఒకసారి హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

నాలుగూ యాభై రెండు.